బాబుకి ఐదేళ్లు నిండాయి, ఇప్పుడైనా కస్టడీ నాకిస్తారా?

పటమట_నాన్న:
విడాకులై ఏడాదిన్నర. బాబు వాళ్లమ్మతో గుంటూరులో ఉంటాడు. నాకు నెలకి రెండు ఆదివారాలు, 10 నుంచి 1 దాకా. పోయిన నెల వాడికి ఐదు నిండాయి. ఐదు దాటితే తండ్రికే ఇస్తారని ఆఫీసులో అందరూ అంటున్నారు. నిజమేనా? అసలు మగాడి మాట వినే కోర్టుందా?

లక్ష్మీపురం_ప్లీడరు:
ఈ ఐదేళ్ల మాట ఎవరు పుట్టించారో గానీ, నా దగ్గరికొచ్చే తండ్రులంతా ఇదే అడుగుతారు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. నిండిన మర్నాడే చేతులు మారాలని ఎక్కడా లేదు. 13వ సెక్షన్‌కి వచ్చేసరికి బిడ్డ క్షేమమే ముఖ్యం, మిగతావన్నీ దాని తర్వాతే. విడాకుల డిక్రీలోనే, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వులోనే, కస్టడీ సంగతి రాసుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆ కోర్టునే మార్చమని అడగొచ్చు.

సత్యనారాయణపురం_అమ్మ:
అన్నయ్యా, మాకేదో పూలదండ వేసి ఇచ్చారనుకోకండి. పాప నా దగ్గరే ఉంది, కానీ దాని పేరున ఖాతా తెరవబోతే బ్యాంకులో "వాళ్ల నాన్నగారి సంతకం తెండి" అన్నారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ "తర్వాత" అన్న మాటకి తండ్రి పోయాక అనే కాదు, తండ్రి పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం. ఆ గొడవా రిజర్వు బ్యాంకు బాండ్ల దగ్గరే మొదలైంది, చూడండి! తీర్పు ప్రింటు తీసి బల్ల మీద పెడితే అప్పుడు ఫారం ఇచ్చారు.
కస్టడీ కేసు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు నన్నడిగింది ఇంకా గుర్తుంది: "రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మీరు పిల్లనేం చూస్తారు?" ఆయనా ఎనిమిదింటికే వస్తాడు. ఆయన్ని ఆ ముక్క ఎవరూ అడగలేదు.

కొత్తపేట_తాతయ్య:
మేం అబ్బాయి తరఫు. మొదట్లో మనవరాలిని కోర్టు గదిలోనే చూపించేవారు. చెక్కబెంచీ, నల్లకోట్లు, గుమ్మంలో కానిస్టేబులు. పిల్ల వాళ్లమ్మ చున్నీ వదిలేది కాదు. "చూశారా, తండ్రంటే భయం" అని అవతలి వకీలు రాయించాడు. పార్కులో కలుస్తామని పిటిషన్ పెట్టాం, ఒప్పుకున్నారు. మూడో వారం చేగోడీల పొట్లం తీసుకెళ్లాను. పొట్లం లాక్కుని నా ఒళ్లోనే కూర్చుంది. కేసు నానేకొద్దీ పిల్లకి మొహాలు మరుపొస్తాయి బాబూ. వాయిదాలు మాత్రం పోనివ్వకు.

పటమట_నాన్న:
సార్, అయితే ఏం అడగమంటారు?

లక్ష్మీపురం_ప్లీడరు:
పూర్తి కస్టడీ అని ఎగబడకండి. వారం మధ్యలో వీడియో కాల్, దసరా, సంక్రాంతి సెలవుల్లో సగం, నెలకోసారి రాత్రి మీ ఇంట్లో. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఈ దారే చూపింది, బిడ్డకి ఇద్దరి ప్రేమా కావాలంటూ. బిడ్డ ఇద్దరి సంరక్షణలోనూ ఉండే జాయింట్ కస్టడీ పెట్టమని, చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2015లోనే 257వ నివేదికలో చెప్పింది, చట్టం కాలేదు. ఇంతకీ బాబు క్లాసు టీచరు పేరేంటి? అలాంటివి అడుగుతారు.

పటమట_నాన్న:
...తెలీదు సార్.

సత్యనారాయణపురం_అమ్మ:
సెలవుల్లో సగం అడిగినప్పుడు, జ్వరమొచ్చిన రాత్రుల్లో సగం కూడా రాయించండి అన్నయ్యా.