రొట్టె విరుస్తామా, తుంచుతామా?

భీమవరం నుంచి ప్రశ్న:
మొన్న ఆదివారం నరసాపురంలో స్నేహితుడి వెంట బ్రదరన్ అనే క్రైస్తవ శాఖవాళ్ల మందిరానికి వెళ్లాను. ఏసు కడరాత్రి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె పంచుకునే ఆరాధనను ‘రొట్టె విరిచే కూడిక’ అన్నారు. కొమ్మ విరుస్తాం, మెటికలు విరుస్తాం, రొట్టెయితే తుంచుతాం కదా! మా ఇంట్లో మినపరొట్టె విరవాల్సి వచ్చిందంటే అది మాడిందనే లెక్క. ఇదేం తెలుగండీ?

పాలకొల్లు నుంచి:
అనుమానం సబబే. కానీ బైబిలు కొత్త నిబంధన గ్రీకు మూలంలోనూ ఇదే గొడవ. అక్కడి క్రియ ‘క్లావో’. దాన్నుంచే చిన్న కొమ్మకు ‘క్లోన్’ అనే మాట పుట్టింది, ఇప్పటి క్లోనింగ్ అక్కడిదే. అంటే వాళ్లకూ కొమ్మకీ రొట్టెకీ ఒకటే క్రియ. మన అనువాదకులు మాటకు మాట నిలబెట్టారు.

అసలు సంగతి వేరే ఉంది. ఇదే ఆరాధనను లూథరన్ గుడిలో ‘సంస్కారం’ అంటారు, పాస్టరు అయ్యగారు ఇస్తారు. బ్రదరన్ వాళ్లు ఆ మాటే వద్దనుకున్నారు. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2:42లో ‘రొట్టె విరుచుటయందును’ అని ఉంది గనుక పనినే పేరు చేసుకున్నారు. అభిషేకం పొందిన గురువు లేకుండా విశ్వాసులే కూడి రొట్టె విరవొచ్చని 1820లలో డబ్లిన్‌లో వాదించినవాళ్లలో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఒకడు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు. ఆయన వెంట 1836లో మద్రాసు దిగిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ తర్వాత మన నరసాపురం, పాలకొల్లు వైపు వచ్చారు. మాట ఆ దారిన వచ్చి ఇక్కడ పాతుకుపోయింది.

కాకినాడ నుంచి:
మా క్రీస్తు సంఘంలోనూ ప్రతి ఆదివారం ఉంటుందండీ, అపొస్తలుల కార్యములు 20:7 ఆధారం. వాయిద్యాలు మాత్రం ఉండవు, ఉత్త గొంతులే. మేం ‘బల్లలో పాలుపొందడం’ అంటాం.

భీమవరం:
పాలు విరిగితే టీకి పనికిరావు, రొట్టె విరిగితేనే పాలు దక్కుతాయన్నమాట!

పాలకొల్లు:
ఆయ్, బావుందండీ. ఇంకోటి చూడండి, నాలుగు వచనాల తర్వాత 2:46లో ‘ఇంటింట రొట్టె విరుచుచు’ అని ఉంది. అక్కడది మామూలు భోజనంలా కనిపిస్తుంది. ఆరాధన ఏది, అన్నం తినడం ఏది అని ఆ క్రియ గీత గియ్యదు. ‘సంస్కారం’ గీస్తుంది. నా లెక్కన ‘తుంచుట’ అని మారిస్తే తెలుగు నునుపవుతుంది గానీ, బైబిలు కీర్తనల్లోని ‘విరిగి నలిగిన హృదయం’తో ఉన్న చుట్టరికం తెగిపోతుంది. తుంచిన హృదయం అనం కదా.

భీమవరం:
అనం. మినపరొట్టె మాత్రం తుంచే తింటాను.