పూత మీద హార్మోన్ కొడితే మామిడి పుప్పొడి పాడవుతుందా?

ప్రశ్న:
జగిత్యాల దగ్గర మాకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. పోయినేడు ఆకు కనపడనంత పూత వచ్చింది. పూత నిలబడుతుందని మందుల షాపులో చెబితే 4.5 శాతం ఎన్‌ఏఏ అనే హార్మోన్ మందు తెచ్చి, 16 లీటర్ల ట్యాంకుకు 20 మిల్లీలీటర్లు కలిపి, తేనెమంచు పురుగు మందుతో పాటు నిండు పూత మీదే కొట్టాం. తర్వాత గుత్తుల చివర గోలీలంత కాయలు గుంపులుగా కట్టి, పసుపు తిరిగి రాలిపోయాయి. కోసి చూస్తే జీడి లేదు. హార్మోన్ వల్ల పుప్పొడి దెబ్బతిన్నదా? ఈ ఏడు కొట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అన్నా, దాన్ని ఝుంకా అంటారు, పువ్వులో ఫలదీకరణ జరగకపోతే అలాగే కడతాయి. ముందు చలిని అనుమానించండి. మొగ్గ విచ్చుకోకముందే లోపల పుప్పొడి తయారవుతుంది, ఆ రోజుల్లో రాత్రి 10 డిగ్రీలకు దిగితే చాలా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. ఇక నిండు పూతలో పురుగు మందు కొడితే ఈగలు చస్తాయి, మామిడిలో పుప్పొడిని మోసేది ఎక్కువగా అవే.

జవాబు 2:
చలి నిజమే కానీ హార్మోన్‌ను వదిలేయకండి. జపాన్‌లో డెలావేర్ ద్రాక్షకు గింజ రాకూడదని పూతకు రెండు వారాల ముందే గుత్తులను 100 పీపీఎం (లీటరు నీటికి 100 మిల్లీగ్రాములు) జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్‌లో ముంచుతారు, దాంతో పుప్పొడి మొలకెత్తే శక్తి పడిపోతుంది, అండాలూ సరిగ్గా ఏర్పడవు. పూత అయ్యాక రెండోసారి ముంచితే గింజ లేకుండానే పండు ఊరుతుంది. మామిడిలో జీడి లేని కాయ చాలావరకు నిలవదు. మీరు కొట్టింది జిబ్బరెల్లిన్ కాదు కాబట్టి పుప్పొడే పోయిందని నేను అనను, కానీ మోతాదు చూడండి: 4.5 శాతం మందు ఒక మిల్లీలీటరు నాలుగున్నర లీటర్లలో కలిపితే 10 పీపీఎం. మీ ట్యాంకులో 56 దాకా ఉంది! ఎన్‌ఏఏ పని తొడిమ తెగకుండా ఆపడం, అదీ పిందె బఠాణీ గింజంత అయ్యాక, 10 నుంచి 20 పీపీఎం లోపే. మోతాదు మించితే అదే పిందెను రాలుస్తుంది, ఆపిల్ తోటల్లో కాయలు పలచన చేయడానికి వాడేదీ ఇదే.

ప్రశ్న అడిగినవారు:
మోతాదు లెక్క ఎవరూ చెప్పలేదండీ. పుప్పొడి బాగుందో లేదో చూసే దారి ఉందా?

జవాబు 1:
ఉంది. పొద్దున్నే అప్పుడే విచ్చిన పువ్వులు తీసుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, ఎసిటోకార్మిన్ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మంచి పుప్పొడి ఎర్రగా రంగు పడుతుంది. రంగు పట్టినదల్లా మొలకెత్తదు, అందుకే పంచదార, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో వేసి పుప్పొడి నుంచి మొలక గొట్టం వస్తుందో లేదో కూడా చూడమనండి. ఈసారి రెండు వరసలకు ఎన్‌ఏఏ కొట్టకుండా వదిలి, కొట్టిన చెట్ల పువ్వులూ, కొట్టని చెట్ల పువ్వులూ పట్టుకెళ్లండి.