మొక్తెసుమాలో ఆ ‘న్’ ఎక్కడిది?

డాలస్ సుబ్బు: మా అమ్మాయి సాకర్ టీమ్‌లో మెక్సికో వాళ్ల పిల్ల ఒకమ్మాయి ఉంది. జెర్సీ వెనక ఇంటిపేరు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పరుచుకుని ఉంటుంది. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో చదువుకున్న అజ్తెక్ చక్రవర్తి మాంటెజూమాయే. అది చూసిన దగ్గర్నుంచి ఎక్కడో చదివిన ముక్క ఒకటి బుర్ర తినేస్తోంది. ఆ పేరుకి అర్థం చెబుతూ ఎవరో ‘బొమముడి’ అన్న మాట వాడారు. ‘బొమముడి దొర’ అనో, ‘దొర బొమముడి’ అనో. ఎవరికైనా గుర్తుందా?

పలకాబలపం: ఎక్కడ చదివారో తెలీదు గానీ, ఆ రెండూ ఒకటి కాదు సుబ్బు గారూ. మొదటిది మనిషి పేరు, రెండోది మొహం పేరు.

మూర్తి మాష్టారు: రెండూ కుదరవు. అజ్తెక్‌ల నావాత్ల్ భాషలో అది సమాసం కాదు, వాక్యం. మొ-తేక్వ్-సోమ. ‘సోమ’ అంటే కోపంతో బొమలు ముడవడం. ‘తేక్వ్’ దొర, విడిగా వస్తే చివర ‘త్లి’ చేరుతుంది. ముందున్న ‘మొ’ మన ‘కొను’ లాంటిది. ముడుచు వేరు, ముడుచుకొను వేరు కదా, అలా. అన్నీ కలిపితే ‘దొరలా బొమలు ముడుచుకుంటాడు’. కర్తని విడిగా చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉన్నాడు.

గోదారి గట్టు: ‘దొరలా’లో ఆ ‘లా’ ఎక్కణ్ణించి తెచ్చారు మాష్టారూ? దొర ఉన్నాడు, కోపం ఉంది. ‘దొర కోపగించుకుంటాడు’ అంటే సరిపోదూ? ‘కోపిష్టి ప్రభువు’ అని రాసినవాళ్లు బోలెడుమంది.

మూర్తి మాష్టారు: ఒకరిని చూసి ఒకరు రాశారు. క్రియ కడుపులో నామాన్ని ఇరికించడం నావాత్ల్‌కి అలవాటు. ‘షోచిక్వెపోని’ అని ఒక మాటుంది. షోచిత్ల్ పువ్వు, క్వెపోని విచ్చుకోవడం. ‘పువ్వులా విచ్చుకుంటుంది’ అని అర్థం. అందులో ‘లా’ కనిపిస్తోందా?

గోదారి గట్టు: ‘పువ్వు విచ్చుకుంటుంది’ అనుకున్నా నష్టం లేదుగా! మీ సాక్షి నా వైపు మాట్లాడుతున్నాడు. ఇంకోటి. పాత చిత్రలిపిలో ఆయన పేరు రాయాలంటే మొనదేలిన మణికిరీటం గీసేవారు. బొమలు కాదు. అంటే ఆ లేఖకుడికి ముఖ్యం దొరే, కోపం కాదు.

మూర్తి మాష్టారు: కోపాన్ని బొమ్మ గీయడం కష్టం కాబట్టి కిరీటం గీశాడు. లేఖకుడి ఇబ్బందిని వ్యాకరణం చేయకండి.

సరోజ అక్క: మీరిద్దరూ బొమలు ముడుచుకోవడం ఆపితే ఒక మాట. తెలుగులో దానికి ‘అలుగు’ ఉంది. కోపం ఎవరికైనా వస్తుంది. అలగాలంటే మాత్రం బతిమాలేవాళ్లు ఉండాలి. అందుకే అది దొరలకే చెల్లుతుంది.

పలకాబలపం: అలక సత్యభామది అక్కా. రాజులకైతే కినుక. రాయబారం పద్యం మాత్రం ఎవరూ ఎత్తుకోకండి, తెల్లారిపోతుంది.

డాలస్ సుబ్బు: నా ప్రశ్న… సరే, దాంతోపాటు ఇంకోటి. ఇప్పటివాళ్లు మొక్తెసుమా అని రాసుకుంటున్నారు. మరి మన పుస్తకాల్లో ‘మాంటె’కి ఆ సున్నా ఎక్కడిది?

గోదారి గట్టు: స్పానిష్ సైనికుల చెవి. వాళ్ల దండనాయకుడు కోర్తెస్ తన ఉత్తరాల్లో ‘ముతెసుమా’ అని రాశాడు, సున్నా లేదు. అతని వెంట వెళ్లిన బెర్నాల్ దియాస్ ‘మోంతెసుమా’ అని రాశాడు. స్పానిష్‌లో ‘మోంతె’ అంటే కొండ. తెలియని పేరు నోరు తిరక్కపోతే తెలిసిన మాటలోకి లాక్కుంటాం కదా, అదే జరిగిందని నా అనుమానం.

మూర్తి మాష్టారు: మీ అనుమానం మీది. అసలు చిక్కు ఆ ‘క్వ్’. పెదాలు గుండ్రంగా చుట్టి పలికే క కారం, అదీ పొల్లుగా. స్పానిష్‌కి అది లేదు. ఒకడు ‘కు’ అన్నాడు, ఒకడు ‘క్’ అన్నాడు, ఒకడు మింగేశాడు. మింగినచోట ఖాళీ పూడ్చడానికి ‘న్’ వచ్చింది. మన అరసున్న కథకి తిరగేసిన కథ. మనకి ఉన్నది పోయింది, వాళ్లకి లేనిది వచ్చింది.

పలకాబలపం: అరసున్న రానే వచ్చింది. ఈ గ్రూపులో ఏ దారి పట్టినా అక్కడికే చేరతాం.

సరోజ అక్క: ఇంతకీ ఆ పిల్లది రాజవంశమేనా సుబ్బూ?

డాలస్ సుబ్బు: వాళ్ల నాన్న టైల్స్ పని చేస్తాడు అక్కా. అడగడానికి మొహమాటంగా ఉంది.

గోదారి గట్టు: ఆ పేరున్నవాళ్లంతా వంశంవాళ్లు కారు. అసలు వాళ్లకి ఇంటిపేర్లు అనేవే లేవు, స్పెయిన్ వాళ్లు బాప్తిస్మంతోపాటు తెచ్చారు. రాజుగారి పేరుని పిల్లలు ఇంటిపేరు చేసుకున్నారు: కొడుకు పెద్రో మొక్తెసుమా, కూతురు ఇసబెల్ మొక్తెసుమా. పెద్రో మనవడికి 1627లో స్పెయిన్ రాజు కౌంట్ బిరుదిచ్చాడు, 1865లో ఆ వంశానికి డ్యూక్ హోదా వచ్చింది. వారసులకి మెక్సికో ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ 1934 దాకా నడిచింది. 1978లో మెక్సికో నగరం నడిబొడ్డున అజ్తెక్‌ల పెద్ద గుడి తవ్వకాలు మొదలుపెట్టిన పురావస్తు శాస్త్రవేత్త పేరు ఎదువార్దో మాతోస్ మొక్తెసుమా. అక్కడ రెండో ఇంటిపేరు అమ్మ వైపుది.

సరోజ అక్క: అమ్మ ఇంటిపేరు కూడా మోస్తారన్నమాట. అది నచ్చింది.

మూర్తి మాష్టారు: నాకు నచ్చింది ఇంటిపేరు వాక్యం కావడం. మనకి అలాంటిది ఒక్కటి చూపించండి.

పలకాబలపం: చేకూరి! ‘చేకూరి ఏమైంది?’ అని వాక్యం సాగుతుంది.

మూర్తి మాష్టారు: ఆ ఇంటిపేరున్న భాషావేత్త చేరా గారు వింటే నవ్వుతారు. అది ఊరి పేరు నాయనా. ఊరు, ఊరి: ఔపవిభక్తికం. అసమాపక క్రియ కాదు.

పలకాబలపం: తెలిసే అన్నాను మాష్టారూ. వాళ్లలో పోపోకా అని కూడా ఉంది, ‘పొగలు కక్కుతాడు’. పోపోకాతెపెత్ల్ అగ్నిపర్వతంలో ఉన్న పోపోకాయే. ప్వెబ్లా వైపు కొయోత్ల్ అనే ఇంటిపేరుంది. అంటే మన నక్కా వారే!

సరోజ అక్క: మా పుట్టింటివారు నక్కా వారే. మెక్సికోలో చుట్టాలున్నారని ఇన్నాళ్లూ తెలీదు.

గోదారి గట్టు: చుట్టరికం మీ వంటింట్లోనే ఉంది అక్కా. తోమాత్ల్ టమాటా అయింది, త్సాపోత్ల్ సపోటా అయింది. బజారుకొచ్చిన కాయలన్నీ ఆ ‘త్ల్’ని రాల్చేసుకున్నాయి. కొయోత్ల్ వారి ఇంటిపేరులో మాత్రం అది రాలకుండా ఉంది.

మూర్తి మాష్టారు: తోలుతీసిన సపోటా, తోలుతో ఉన్న నక్క. బావుంది. ‘త్సిన్’ సంగతి కూడా చెప్పండి. అది మన ‘గారు’. కోర్తెస్ దుబాసీ మరీనా పేరు వాళ్ల నోట్లో మాలిన్ అయి, గారు చేరి మాలిన్‌త్సిన్ అయింది. స్పానిష్ వాళ్లు దాన్నే మలించె అన్నారు. త్లాష్కాలా వైపు క్వామాత్సి లాంటి ఇంటిపేర్ల చివర ఉన్నది ఈ గారే అని నా నమ్మకం. కోర్తెస్ ఎదుర్కొన్న మొక్తెసుమాని షొకొయోత్సిన్ అనేవారు. షొకొయోత్ల్ అంటే కడగొట్టు బిడ్డ. అంతకుముందు అదే పేరుతో ఇంకో రాజు ఉన్నాడు కాబట్టి ఈయన ‘చిన్నగారు’.

సరోజ అక్క: చిన్నగారు అలిగారు. ఇప్పుడు పేరు కుదిరింది.

పలకాబలపం: నక్క అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. తెష్కోకో రాజు నెసావాల్‌కొయోత్ల్, ‘ఉపవాసమున్న నక్క’. 1402లో పుట్టాడు. అన్నమయ్యకంటే ఆరేళ్లు పెద్ద. ఒకాయన కొండ మీద, ఒకాయన సరస్సు ఒడ్డున, ఒకే కాలంలో పాటలు కట్టుకుంటూ కూచున్నారు. పాత వంద పెసోల నోటు మీద ఆయన బొమ్మ ఉండేది. దాని పక్కనే, భూతద్దం పెడితే గానీ కనపడనంత సన్నగా, నాలుగు వందల గొంతుల పిట్ట గురించిన కవిత.

గోదారి గట్టు: ఆ కవిత ఆయనదేనా అన్నది వేరే తగవు. నాలుగు వందలు ఎందుకో చెప్పలేదు మీరు. వాళ్ల లెక్క ఇరవైలతో. ఇరవై ఇరవైలు నాలుగు వందలు. మనం ‘వెయ్యి’ అనే చోట వాళ్లు నాలుగు వందలు అంటారు.

మూర్తి మాష్టారు: అయితే సహస్రకంఠ పక్షి అని అనువదించాలి.

సరోజ అక్క: వద్దు మాష్టారూ. నాలుగు వందలే ఉంచండి, పిట్ట చిన్నది.

డాలస్ సుబ్బు: బొమముడి ముక్క ఎక్కడిదో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఈ రోజు ప్రాక్టీస్‌లో ఒకటి చూశాను. ఆ పిల్ల జెర్సీ మీద మొదట తప్పు అచ్చువేసి ఇచ్చారట, సున్నాతో. వాళ్లమ్మ ఇస్త్రీపెట్టెతో వేడి చేసి ‘ఎన్’ ఊడదీసి, పాత జెర్సీలోంచి ‘సి’ కత్తిరించి అతికించింది. దగ్గరికెళ్లి చూస్తే ‘సి’ వెనక ‘ఎన్’ జిగురు మరక కనిపిస్తోంది.

మూర్తి మాష్టారు: ఆ జిగురు మరకే అరసున్న. నేను చెప్పలా?