"లైక్లీ"ని "అవకాశం ఉంది" అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. గుంపులో అనువాదాలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన నెల అమ్మకి మెడ దగ్గర గడ్డ కనిపిస్తే బరంపురం తీసుకెళ్లి స్కాన్ తీయించాం. రిపోర్టు చివర "లైక్లీ బినైన్" అని ఉంది, అంటే బహుశా క్యాన్సర్ కాని గడ్డ అని. డాక్టరుగారు ఒడియాలో "బోధహుఏ కిఛి నాహి" (బహుశా ఏమీ లేదు) అన్నారు. అమ్మకి ఒడియా బజారులో బేరానికి సరిపడా వచ్చు గానీ, ఆ మాట అందలేదు. "ఏటన్నారు బాబూ?" అంది. నేను రిపోర్టు చూసి, పేపర్లో రోజూ చదివే తెలుగులో చెప్పేశాను: "ప్రమాదం లేకపోయే అవకాశం ఉందమ్మా."

బస్సులో ఇంటికొచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు. రాత్రి పదకొండింటికి లేచి కూర్చుని, "లేకపోయే అవకాశం ఉందన్నావంటే, ఎక్కువగా ఉన్నట్టే గదరా" అంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అవకాశం ఉందంటే, జరిగితే జరగొచ్చు అని మాత్రమే. ఎంతవరకు నమ్మొచ్చో అందులో లేదు. "ఏమీ ఉండకపోవచ్చట, దాదాపు లేనట్టే" అని ఉంటే అమ్మ పడుకునేది. డాక్టరుగారి "బోధహుఏ"లో ఉన్న ధైర్యం నా తెలుగులో పోయింది.

తెలుగులో మాట లేక కాదు. రైల్లో బయల్దేరిన పిల్లాడి గురించి ఇంట్లో ఎలా మాట్లాడుకుంటామో చూడండి. ఫోన్ చేశాడు, "చేరాడు". టైము దాటిపోయింది, "ఈపాటికి చేరే ఉంటాడు". ఆ "ఏ" ఎంత నమ్మకం ఇస్తుందో! అది తీసేస్తే "చేరుంటాడు", కాస్త తగ్గింది. "చేరుండొచ్చు", ఇంకా తగ్గింది. "చేరాడేమో" అంటే మనకే అనుమానం. గుమ్మంలో చెప్పులు కనిపిస్తే "వచ్చాడు కాబోలు". ఎవరో చెబితే "చేరాడట". ఇంగ్లీషువాళ్లు ప్రాబబ్లీ, మేబీ, మస్ట్ అని విడిగా పెట్టుకునేవన్నీ మనం క్రియ తోకలోనే పెట్టుకున్నాం. రిపోర్టు చేతికి రాగానే అవన్నీ మర్చిపోయి, అన్నిటికీ ఒక్క "అవకాశం" అంటున్నాం. పిడుగు పడే అవకాశం, ప్రాణం పోయే అవకాశం! అది మంచికి వాడుకునే మాట కదా.

రాయగడ నుంచి ఒకరు: మాస్టారూ, అమ్మగారికి ఇప్పుడెలా ఉంది? మీరన్నది నిజమే, కానీ వాతావరణ వార్తల్లో "అవకాశం" తప్పు కాదేమో. మన వాతావరణ శాఖ లెక్కలో లైక్లీ అంటే నూటికి 25 నుంచి 50. వెరీ లైక్లీ 50 నుంచి 75. మోస్ట్ లైక్లీ అంటేనే 75 పైన. వాతావరణ మార్పుల మీద నివేదికలిచ్చే ఐపీసీసీ మాత్రం లైక్లీ అంటే 66కి తక్కువ కాదంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన మీదుగానే వెళ్లింది కాబట్టి ఈ మాటలు నేను శ్రద్ధగా చదువుతాను.

గుణుపురం నుంచి ఒకరు: ఇంగ్లీషులోనూ ఈ గొడవ ఉంది. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, యుగోస్లావియా మీద దాడి జరగడం "సీరియస్ పాసిబిలిటీ" అని రాసింది. ఆ పనిలో ఉన్న షెర్మన్ కెంట్ మనసులో అది నూటికి 65. తోటివాళ్లని అడిగితే ఒకరు 20 అనుకున్నారు, ఒకరు 80. కలిసి కూర్చుని ఆ కాగితం తయారుచేసినవాళ్లే! 1964లో ఆయన దాని మీద వ్యాసం రాసి ఒక్కో మాటకీ ఒక అంకె పెట్టమన్నాడు, ప్రాబబుల్ అంటే సుమారు 75 అని. మా నాన్నగారు చదువుకోలేదు గానీ అంకె లేకుండా మాట్లాడేవారు కాదు. వాన గురించి అడిగితే "నూటికి తొంభై పాళ్లు పడిపోద్ది" అనేవారు. మరీ గట్టిగా ఉంటే "పదారణాలా".

నేను: రాయగడ వారికి, లైక్లీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటే, ఆ మాట వాడినవాళ్ల లెక్క చూడకుండా తెలుగు చేయకూడదన్నమాట. ఇది నాకు తెలియదు. వాన విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రోగి దగ్గర మాత్రం తీసుకోను. గుణుపురం వారి "నూటికి తొంభై పాళ్లు" కూడా డాక్టరు నోటితో అంకె వస్తేనే వాడాలి, మనం పెట్టకూడదు. డాక్టరుగారిని ఆగి "ఎంతవరకు?" అని అడగాల్సింది. అడగలేదు, భయమేసింది.

అమ్మకి సూది పరీక్ష కూడా అయ్యింది. క్యాన్సర్ కాదని వచ్చింది. నేను కాగితం చదివి "లేదమ్మా" అన్నాను, ఇంకేమీ కలపకుండా. సాయంత్రం వీధరుగు మీద కూర్చుని పక్కింటావిడకి చెబుతోంది: "ఏటీ నేదంటమ్మా."