ఆగస్టు 15న బెంగళూరుకు వచ్చే చుట్టాలకు ఏం చూపించాలి?

కొత్త సభ్యుడు: మా అక్క, బావగారు, ఇద్దరు పిల్లలు కాకినాడ నుంచి వస్తున్నారు. చేతిలో ఉన్నది పదిహేనో తేదీ ఒక్కటే. మానెక్‌షా పరేడ్ గ్రౌండ్‌లో కవాతుకు తీసుకువెళ్లాలా, లాల్‌బాగ్ పూల ప్రదర్శనకా?

జయనగర వాసి: లాల్‌బాగ్‌కే వెళ్లండి. 1889లో పునాదిరాయి వేసిన గాజు ఇంటి నిండా పూలతో తీర్చిన రూపాలు ఉంటాయి, పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అయితే సెలవు రోజు కాబట్టి తెల్లవారగానే మెట్రోలో చేరుకోండి. ఎండ ఎక్కాక లోపల అడుగు తీసి అడుగు వేయలేరు.

యలహంక టీచరు: స్వాతంత్ర్య దినాన పూలు చూపించి పంపడం నాకు బాధగా ఉంది. బెంగళూరుకు ఉత్తరాన గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థానికి తీసుకువెళ్లండి. 1938 ఏప్రిల్ 25న నిషేధాజ్ఞలను లెక్కచేయక కాంగ్రెస్ జెండా ఎగరవేయడానికి గుమిగూడిన జనం మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న దానిపై ప్రభుత్వం లెక్కకూ కాంగ్రెస్ లెక్కకూ పొంతన లేదు. అక్కడి గుడిలో పసుపు పూసి వరుసలు వరుసలుగా నిలిపిన నాగశిలలు దాటగానే, నాలుగడుగుల దూరంలో అమరవీరుల స్మారకం కనిపిస్తుంది. మా తరగతి పిల్లలు అక్కడ ఎవరూ చెప్పకుండానే మాటలు ఆపేశారు.

జయనగర వాసి: అది ఏప్రిల్ నాటి సంఘటన, ఆగస్టుది కాదు. పైగా బెంగళూరు అప్పుడు ఉన్న మైసూరు సంస్థానానికి ఆగస్టు 15తో అంతా తేలిపోలేదు. మహారాజు విలీన పత్రం మీద సంతకం చేశాక కూడా ప్రజా ప్రభుత్వం కోసం సెప్టెంబరులో ‘మైసూరు చలో’ ఉద్యమం నడిచింది. మొదటి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి మంత్రివర్గం ఏర్పడింది అక్టోబరులో. తేదీ తప్పితే అర్థమూ తప్పుతుంది.

శివాజీనగర్ వాసి: పరేడ్ గ్రౌండ్ ఉన్న కంటోన్మెంటును, అంటే బ్రిటిషు సైనిక ప్రాంతాన్ని, బ్రిటిషువారు మైసూరుకు తిరిగి అప్పగించింది 1947 జులై 26న. తేదీలే ముఖ్యమైతే కవాతుకే వెళ్లాలి.

యలహంక టీచరు: తేదీని పట్టుకుని మనుషులను వదిలేస్తున్నారు. ఆ కాల్పుల తరువాతే కాంగ్రెస్ నాయకులు పటేల్, కృపలానీ వచ్చి మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు, సంస్థానంలో కాంగ్రెస్ జెండాకు అనుమతి దొరికింది. మనం ఆగస్టు 15న చేసేది జెండా వందనమే కదా!

జయనగర వాసి: చుట్టాలు చూడడానికి వస్తున్నారు, పరీక్ష రాయడానికి కాదు. బతుకుతెరువుకు వచ్చిన మన తెలుగువాళ్లకు ఈ ఊరి చరిత్ర మీద ఇంత పట్టుదల ఎందుకు?

యలహంక టీచరు: ఆ మాటే నన్ను కోస్తుంది. మూడేళ్ల క్రితం మా అపార్ట్‌మెంటులో జెండా ఎగరవేశాక మా అమ్మాయి కన్నడంలో మాట్లాడతానంటే, ‘మీరు బయటివారు, స్థానికుల పిల్లలకు అవకాశమిద్దాం’ అన్నారు. నెల రోజులు కూర్చుని రాసుకున్న కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చేసింది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే బతుకుతున్నాం. విదురాశ్వత్థంలో ఆ వేళ నిలబడినవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ, కన్నడం మాట్లాడేవారూ కలిసే ఉంటారు, అది అలాంటి ఆంధ్ర సరిహద్దు సీమ. ఈ ఊరి పోరాటంలో మనకూ పాలు ఉందని పిల్లలకు చూపించాలనే నా తపన అంతా.

జయనగర వాసి: మీ అమ్మాయికి జరిగింది అన్యాయమే. నా సంగతీ చెబుతాను. నేను ఇరవై ఏళ్లు షిఫ్టుల్లో పనిచేశాను, మా పిల్లలతో తీరికగా గడిపిన పండుగలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఆ ఒక్క రోజు కుటుంబమంతా నవ్వుతూ తిరగాలంటాను. అదీ స్వాతంత్ర్యమేనని నా నమ్మకం, దాన్ని మార్చుకోను.

కొత్త సభ్యుడు: బావగారికి మోకాళ్ల నొప్పి, రద్దీలో నిలబడలేరు. విదురాశ్వత్థానికి కారు మాట్లాడుతున్నాను. టీచరుగారూ, అక్కడ మధ్యాహ్న భోజనం దొరుకుతుందా, ఇంటి నుంచి పులిహోర కట్టుకుని రమ్మంటారా?

యలహంక టీచరు: పులిహోర కట్టుకోండి. పిల్లలను ముందుగా స్మారకం దగ్గరికి తీసుకువెళ్లి, గుడికి తరువాత వెళ్లండి.