మా నెల్లూరోళ్లకి ‘పట్నం’ అంటే ఏ ఊరు?

పోయిన నెల నాన్నకి కళ్లు చూపించడానికి చెన్నై తీసుకెళ్లాను. తాళం వేస్తుంటే పక్కింటి పెద్దమ్మ అడిగింది, "యాడికి అబ్బయా?" అని. "పట్నం పోతుండాం" అన్నాడు నాన్న. ఏ పట్నం అని ఆమె అడగలేదు.

మేముండే నెల్లూరు కూడా పట్నమే. అయినా మా ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట ఒక్క మద్రాసుకే వాడతారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనకి రాజధాని అదే. కోర్టు పని, పెద్ద చదువు, పెద్దాసుపత్రి అన్నీ అక్కడే. చెన్నపట్నం అనే పూర్తి పేరులో ముందు సగం రాలిపోయి పట్నం మిగిలింది. ఇక ఆ ఊరి పేరు ఎలా మారిందో చూడండి. పాత కాగితాల్లో మద్రాసపట్నం, చెన్నపట్నం అని రెండు పేర్లుండేవి. మొదటిది మద్రాసయింది. 1996లో దాన్ని కూడా తీసి చెన్నై అన్నారు. పట్నం అనే ముక్క ఆ ఊరి పేరులో ఇప్పుడు లేదు, మా నాన్న నోట్లో ఉంది.

సెంట్రల్‌లో రైలు దిగి, అక్కడే కిందికి వెళ్లి మెట్రో ఎక్కాం. నాన్న పాతికేళ్ల తర్వాత వచ్చాడు. కదిలే మెట్ల మీద నా మోచెయ్యి వదల్లేదు. పెట్టెలో అందరూ ఫోన్లలోకి తలలు దించుకుని ఉన్నారు, అద్దం బయట చీకటి. "ఏందిరా, పట్నం యాడుంది ఇందులో?" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ప్యారిస్ కార్నర్ అనే పాత బజారు చూపిద్దామని తర్వాతి స్టేషన్ హైకోర్టులో దించాను. పైకి రాగానే ఆ ఎర్ర గోపురాలు చూసి ఆగిపోయాడు. ఏ వైపు నడవాలో ఇక నేను చెప్పనక్కర్లేకపోయింది.

రోడ్డు పక్కన మల్లెపూలు కడుతున్న ఒకామె మా మాటలు విని తెలుగులోనే పలకరించింది. వాళ్లమ్మది కోవూరంట. "పట్నంలోనే పుట్టావా?" అని నాన్న అడిగితే, దారం పంటితో తెంపి, "పట్నం అని మా అమ్మ అనేది. మేం ఊరనే అంటాం" అంది.

అప్పటినుంచి నాకు అదే ఆలోచన. పట్నం అనేది అక్కడుండే వాళ్ల మాట కాదు, ఇక్కణ్నించి పోయే వాళ్ల మాట. తెలంగాణ పల్లెల్లో పట్నం అంటే హైదరాబాదే కదా. మీ వైపు ఏ ఊరు?

జవాబు, కందుకూరు నుంచి:
మా తాత కూడా మద్రాసునే పట్నం అనేవాడు. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు బెంగుళూరులో ఉన్నారు. ఎవరూ పట్నం వెళ్లామని అనరు, ఊరి పేరే చెబుతారు. ‘పట్నం సోకులు’ అనే మాట మాత్రం మా అమ్మ ఇంకా వాడుతుంది. ఇంకో మాటండీ, పట్నం అంటే అసలు రేవేమో? కృష్ణపట్నం, నిజాంపట్నం, మచిలీపట్నం, విశాఖపట్నం అన్నీ సముద్రం ఒడ్డునే ఉన్నాయి.

నా జవాబు:
అక్కా, మంచి మాట పట్టుకున్నారు. తమిళంలో రేవు ఊరికి పట్టినం, మామూలు నగరానికి పట్టణం అని రెండు మాటలున్నాయి. నాగపట్టినం మొదటి రకం. మనకి మాత్రం పట్నం ఒక్కటే రెంటికీ సరిపోయింది. అందుకే సముద్రం లేని ఇబ్రహీంపట్నం, శ్రీరంగపట్నం కూడా పట్నాలే. మన కృష్ణపట్నంలో ఇంత పెద్ద ఓడరేవు ఉన్నా, అక్కడికి పోయేవాళ్లు ‘పట్నం పోతుండాం’ అనగా నేనెప్పుడూ వినలేదు.

మీ అమ్మగారు ‘పట్నం సోకులు’ ఎవరిని చూసి, ఏ సందర్భంలో అంటారో ఆమె మాటల్లోనే రాసి పెట్టండక్కా. నాన్న చేత నేనూ చెప్పించి రాస్తాను. కంటి ఆపరేషన్‌కి వచ్చే నెల మళ్లీ పట్నం పోవాలి.