సుంకి ఘాట్ సైకిల్ మీద ఎక్కినవాళ్లున్నారా?

మాది కోరాపుట్ జిల్లా సెమిలిగూడ. సాలూరులో అక్కావాళ్లుంటారు. ఈ డిసెంబరులో రోడ్ సైకిల్ మీద 26వ నంబరు హైవే పట్టుకుని పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి, మర్నాడు మళ్లీ ఎక్కి రావాలనుంది.

దిగడం ఇదివరకు ఒకసారి దిగాను. సగం ఘాట్‌లో ఆగి రిమ్ ముట్టుకుంటే వేలు చురుక్కుమంది, బ్రేకు రబ్బరు కాలిన వాసన! నా భయమంతా ఎక్కడం గురించే. నా సైకిల్‌కి ముందు (పెడల్ దగ్గర) చక్రాలు రెండు, 50, 34 పళ్లవి; వెనక పెద్ద గేరుకి 28 పళ్లు. సరిపోతుందా, 32 వేయించుకోవాలా? మలుపుల్లో లారీలు మన వైపుకి కోసుకొచ్చేస్తాయి కదా, ఏ వేళకి బయల్దేరితే నయం? మంచు విడిచేదాకా ఆగితే ఎండ నెత్తికెక్కుతుంది.

ఓపిక మిగిలితే 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండ కూడా ఎక్కాలని ఆశ. ఆ రోడ్డుకి సన్న టైర్లు ఆగుతాయా?

బావ మాత్రం 'బస్సెక్కి రారా' అంటున్నాడు.